గడ్డి కప్పరాని నేరం: కంబోడియా డాక్యుమెంటరీ చిత్రాలు, న్యాయం, వినయ దృష్టి

సంఘంలో తలెత్తిన వివాదాలను శమింపజేయడానికి వినయపిటకం ఏడు మార్గాలు చెప్పింది. వాటిలో చివరిది తిణవత్థారకం, అంటే గడ్డి పరిచి కప్పివేయడం. భిక్షువులు రెండు పక్షాలుగా చీలి, కలహంలో అనుచితంగా ప్రవర్తించి, ఒక్కొక్క తప్పునూ విడిగా విచారిస్తే సంఘమే చీలిపోయే ప్రమాదం ఏర్పడినప్పుడు ఈ మార్గాన్ని అనుసరిస్తారు. ఇరుపక్షాల తరఫునా ఒక్కొక్కరు లేచి దోషాన్ని అంగీకరిస్తారు. వివాదం అంతటితో ముగుస్తుంది. అయితే చుల్లవగ్గలోని సమథఖంధకం ఈ పద్ధతికి రెండు హద్దులు గీసింది. ఘోరమైన దోషాలకు ఇది వర్తించదు. గృహస్థులకు సంబంధించిన దోషాలకూ వర్తించదు.

1998 డిసెంబరులో ఖ్మేర్ రూజ్ అగ్రనాయకులు ఖియూ సంఫాన్, నువోన్ చియా కంబోడియా ప్రభుత్వానికి లొంగిపోయారు. గొయ్యి తవ్వి గతాన్ని అందులో పూడ్చివేయాలని ప్రధాని హున్ సేన్ ఆనాడు పిలుపునిచ్చారు. జరిగిందేదో జరిగిపోయిందని, దాన్ని మరచిపోవాలని ఖియూ సంఫాన్ కూడా కోరారు. దీర్ఘకాల యుద్ధంతో అలసిన దేశానికి ఆ మాట ఊరటగా తోచి ఉండవచ్చు. కాని అది తిణవత్థారకాన్ని దాని హద్దులు దాటించి వాడడమే. దోషం ఘోరమైనది, బాధితులు గృహస్థులు, భిక్షువులు, పసిపిల్లలు, పైగా లేచి దోషాన్ని అంగీకరించినవారు ఎవరూ లేరు. ఆ సమయంలో గతాన్ని పూడ్చనివ్వకుండా నిలిపిన ప్రయత్నాల్లో డాక్యుమెంటరీ చిత్రాలు ముఖ్యమైనవి. న్యాయస్థానం ఏర్పడకముందు అవి ఏమి సాధించాయి, ఏర్పడిన తరువాత వాటి పరిమితులు ఎలా బయటపడ్డాయి అన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

భారతీయ వారసత్వ పరిశోధకులకు కంబోడియా అంటే ముందుగా స్ఫురించేది అంకోర్. 1986 నుంచి 1993 వరకు భారత పురావస్తు సర్వేక్షణ శాఖ అంకోర్ వాట్‌లో పరిరక్షణ పనులు చేసింది. ఆ శిలలకు దక్కిన శ్రద్ధతో పోలిస్తే, అదే దేశపు రాజధానిలోని ఒక పాఠశాల భవనానికి మన అధ్యయనాల్లో దక్కిన చోటు చాలా తక్కువ.

కాషాయం విప్పించిన కాలం

1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ దళాలు నామ్ పెన్ నగరంలో ప్రవేశించాయి. 1979 జనవరి 7న వియత్నాం సేనలు నగరాన్ని స్వాధీనం చేసుకునేవరకు వారి పాలన సాగింది. ఈ నాలుగేళ్లలోపు కాలంలో హత్యలు, ఆకలి, వ్యాధి, వెట్టిచాకిరి కారణంగా మరణించినవారి సంఖ్య సుమారు 17 లక్షలని పరిశోధకుల్లో ఎక్కువమంది అంగీకరించే అంచనా. 1976 నాటి రాజ్యాంగం మతస్వేచ్ఛను ప్రకటిస్తూనే ప్రగతి నిరోధక మతాలను నిషేధించింది. ఆ నిషేధం ఆచరణలో బౌద్ధంపైన కూడా పడింది. భిక్షువుల చేత కాషాయం విప్పించి పొలాలకు, కాలువ పనులకు పంపారు. ఆరామాలు కొన్ని ధాన్యాగారాలయ్యాయి, కొన్ని చెరసాలలయ్యాయి, కొన్నింటి ఆవరణలు వధ్యస్థలాలయ్యాయి. గ్రంథాలయాల్లోని తాళపత్రాలు నశించాయి. దేశమంతటా బహిరంగ సంఘజీవనం ఆగిపోయింది. 1979 సెప్టెంబరులో ఏడుగురు పూర్వ భిక్షువులకు తిరిగి ఉపసంపద ఇవ్వడంతో సంఘం మళ్లీ మొదలైంది. ఉపసంపద ఇచ్చినవారు వియత్నాం నుంచి వచ్చిన థేరవాద భిక్షువులు.

నామ్ పెన్‌లోని తువోల్ స్లెంగ్ ప్రాంతంలో ఉన్న ఒక ఉన్నత పాఠశాలను ఖ్మేర్ రూజ్ రహస్య కారాగారంగా మార్చింది. దాని సంకేతనామం ఎస్-21. అధిపతి కైంగ్ గ్వెక్ ఇయావ్. డుచ్ అన్న పేరుతో ప్రసిద్ధుడు. తరగతి గదుల్లో ఇటుక గోడలు కట్టి చిన్నచిన్న కొట్లు చేశారు. తెచ్చిన ప్రతివ్యక్తినీ ఫొటో తీశారు, వివరాలు నమోదు చేశారు, హింసించి నేరాంగీకార పత్రం రాయించారు, ఆ తరువాత చంపారు. ఇక్కడ నిర్బంధానికి గురైనవారు కనీసం 12,272 మంది అని తరువాతి కాలంలో న్యాయస్థానం నిర్ధారించింది. ప్రాణాలతో బయటపడినవారు బహు స్వల్పం.

నిజమైనా నమ్మని దృశ్యాలు

ఎస్-21 గురించిన తొలి కదిలే దృశ్యాలు 1979 జనవరిలోనే చిత్రితమయ్యాయి. నగరంలోకి వచ్చిన వియత్నాం బృందంలోని ఛాయాగ్రాహకులు ఆ భవనంలోకి వెళ్లి, మంచాలకు కట్టి ఉన్న మృతదేహాలను, ప్రాణాలతో మిగిలిన పిల్లలను చిత్రీకరించారు. పురావస్తు పరిభాషలో చెప్పాలంటే ఇది చెదరని పొరలో దొరికిన ఆధారం. అయినా చాలా దేశాలు దానిని సందేహంతోనే చూశాయి. చిత్రించినవారు విజేత సైన్యంతో వచ్చినవారు. దృశ్యాలను ప్రచారానికి వాడుకున్నవారూ వారే. ఐక్యరాజ్యసమితిలో కంబోడియా స్థానం 1979 తరువాత కూడా ఖ్మేర్ రూజ్ ప్రతినిధుల చేతిలో ఉంది; 1982 నుంచి అది వారు భాగస్వాములైన కూటమికి దక్కింది. 1979 ఆగస్టులో నామ్ పెన్‌లో జరిగిన విచారణ పోల్ పాట్, ఇయెంగ్ సారీలను వారి పరోక్షంలో దోషులుగా తేల్చినా బయటి ప్రపంచం దానిని లెక్కచేయలేదు.

వారసత్వ పరిశోధకులకు ఇందులో పరిచితమైన సమస్యే కనిపిస్తుంది. వస్తువు అసలైనదైనా అది ఎక్కడ, ఎవరి ద్వారా, ఏ పరిస్థితిలో దొరికిందో సరిగా నమోదు కాకపోతే దాని సాక్ష్యబలం తగ్గుతుంది. దృశ్యానికీ అదే సూత్రం వర్తిస్తుంది. నిజాన్ని చూపడం ఒక పని. ఆ నిజాన్ని ప్రతిపక్షం కూడా కాదనలేని స్థితికి తేవడం మరో పని. ఈ రెండవ పనికి ఇంకా ఇరవై ఏళ్లకు పైగా పట్టింది.

సమ్ముఖం: రితీ పాన్ పద్ధతి

రితీ పాన్ 1964లో నామ్ పెన్‌లో జన్మించారు. ఖ్మేర్ రూజ్ పాలనలో తల్లిదండ్రులను, దగ్గరి బంధువులను కోల్పోయి, 1979లో థాయిలాండ్ శరణార్థి శిబిరానికి, అక్కడినుంచి ఫ్రాన్సుకు చేరారు. పారిస్‌లో చలనచిత్ర విద్య అభ్యసించారు. 1989లో తీసిన తొలి డాక్యుమెంటరీ 'సైట్ 2' సరిహద్దు శిబిరంలోని ఒక కుటుంబ జీవితాన్ని నమోదు చేసింది. 2000లో వచ్చిన చిత్రం దేశం పొడవునా ఆప్టికల్ ఫైబర్ కేబుల్ కోసం కందకం తవ్విన కూలీల వెంట నడిచింది. ఆ కందకంలో మందుపాతరలతోపాటు మనుషుల ఎముకలు కూడా బయటపడ్డాయి. తవ్వకం అంటే ఏమిటో తెలిసిన పాఠకులకు ఆ చిత్రం గురించి ఇంతకుమించి చెప్పనక్కరలేదు.

1996 నాటి 'బొఫానా' ఎస్-21 దస్త్రాలలోంచి పుట్టింది. హూత్ బొఫానా అనే యువతి భర్తకు రాసిన ప్రేమలేఖలు ఆమె దస్త్రంలో నేరానికి రుజువులుగా చేరాయి. రామకథ ఖ్మేర్ రూపంలో సీతకు ఉన్న పేరును ఆమె తన సంతకంలో వాడుకుంది. 1977లో ఆమెను, ఆమె భర్తను చంపారు. హంతకుల కార్యాలయం భద్రపరచిన కాగితాన్నే చిత్రం హతురాలి వైపు నుంచి చదివింది.

2003లో విడుదలైన 'ఎస్-21: ఖ్మేర్ రూజ్ మృత్యుయంత్రం' ఈ పద్ధతిని పూర్తిగా వికసింపజేసింది. ప్రాణాలతో బయటపడిన చిత్రకారుడు వాన్ నాత్‌ను, కారాగారపు పూర్వ కావలివారిని, విచారణాధికారులను ఆ భవనంలోనే ఎదురెదురుగా కూర్చోబెట్టారు. వాన్ నాత్‌ను 1978 జనవరిలో ఎస్-21కు తెచ్చారు. పోల్ పాట్ చిత్రాలు గీయించుకునే అవసరమే ఆయన ప్రాణాన్ని నిలిపింది. చిత్రంలో ఆయన కోపగించుకోడు. బల్ల మీద కాగితాలు పరిచి, ఇది ఎవరి చేతిరాత, ఈ పని ఎలా జరిగింది అని అడుగుతాడు. తామూ బాధితులమేనని కావలివారు అన్నప్పుడు, మరి ఇక్కడ చనిపోయినవారిని ఏమనాలి అన్న ప్రశ్న వారి ముందు ఉంచుతాడు. ఒక పూర్వ కావలివాడు ఖాళీ గదిలో తన పాత దినచర్యను చేసి చూపుతాడు. తలుపు తీయడం, లేని ఖైదీని గదమాయించడం, తాళం సరిచూడడం, మళ్లీ వరండాలోకి రావడం. మాటల్లో ఒప్పుకోలేనిదాన్ని అతని శరీరం గుర్తుంచుకుంది. సంగీతంతో జాలి పుట్టించే ప్రయత్నం లేదు. స్థలం, కాగితం, మనిషి ఒకే చట్రంలో ఉన్నాయి, అంతే.

వినయం చెప్పిన ఏడు మార్గాల్లో మొదటిది సమ్ముఖావినయం. సంఘం, ధమ్మం, వినయం, సంబంధిత వ్యక్తులు అందరూ సమక్షంలో ఉన్నప్పుడే విచారణ సాగాలి. మరొకటి పటిఞ్ఞాతకరణం: దోషి తానే అంగీకరించిన దాన్నిబట్టి చర్య తీసుకోవాలి. చలనచిత్రం వినయకర్మ కాదు. దర్శకుడికి సంఘాధికారం లేదు. అయినా ఏ సంస్థా ఇరుపక్షాలను సమక్షానికి తేలేకపోయిన కాలంలో ఆ చిత్రం వారిని ఒక గదిలోకి తెచ్చింది, అంగీకారాన్ని నమోదు చేసింది. చిత్రారంభంలో ఒక పూర్వ కావలివాడి తల్లిదండ్రులు అతనితో అన్నది కూడా ఇదే దారిలో ఉంది: నిజం చెప్పు, కర్మ చేయించు, చనిపోయినవారిని క్షమాపణ కోరు. ఆ రైతు కుటుంబానికి క్షమాపణ కన్నా ముందు నిజం చెప్పడం ఉంది. కర్మసిద్ధాంతం ఉంది గనుక విచారణ అక్కరలేదన్న వాదన తరచూ వినిపిస్తుంది. ఆ ఇంట్లోని పెద్దలు కర్మను అలా అర్థం చేసుకోలేదు.

చిత్రం ప్రభావం కొద్దికాలానికే కనిపించింది. అప్పటివరకు ఎస్-21 గురించి తనకేమీ తెలియదంటూ వచ్చిన ఖియూ సంఫాన్, ఈ చిత్రం చూసిన తరువాత, అది రాజ్యానికి చెందిన సంస్థేనని 2003 చివరలో ఒప్పుకున్నారు. తన బాధ్యతను ఆయన అంగీకరించలేదు. అయితే జరగలేదనే మాట అక్కడితో ముగిసింది.

న్యాయస్థానంలో దృశ్యం విలువ

ఐక్యరాజ్యసమితి సహకారంతో నెలకొల్పిన ప్రత్యేక న్యాయస్థానం 2006లో పని ప్రారంభించింది. డుచ్ అప్పటికే నిర్బంధంలో ఉన్నాడు. పేరు మార్చుకుని బతుకుతున్న అతనిని 1999లో గుర్తించినవాడు నిక్ డన్‌లాప్ అనే ఛాయాగ్రాహకుడు. డుచ్ పాత ఫొటోను ఆయన జేబులో పెట్టుకుని తిరిగాడు. 2008 ఫిబ్రవరిలో విచారణ న్యాయమూర్తులు డుచ్‌ను చోయుంగ్ ఏక్ వధ్యస్థలానికి, మరునాడు తువోల్ స్లెంగ్‌కు తీసుకువెళ్లి, బాధితుల, పూర్వ కావలివారి సమక్షంలో జరిగినదాన్ని వివరింపజేశారు. ఆ ప్రక్రియను దృశ్యరూపంలో నమోదు చేశారు. స్థలం దగ్గరే మనిషిని ప్రశ్నించాలన్న విధానం చలనచిత్రానికీ న్యాయస్థానానికీ ఉమ్మడిదని దీనివల్ల తెలుస్తుంది.

అయితే దృశ్యం ఒక్కటే చాలదని కూడా ఇదే విచారణ తేల్చింది. 1979 జనవరి నాటి వియత్నాం దృశ్యాల్లో కనిపించిన పిల్లల్లో ఒకడు ముప్ఫై ఏళ్ల తరువాత ముందుకు వచ్చి 2009లో సాక్ష్యం చెప్పాడు. ఆ దృశ్యాల విశ్వసనీయతను ప్రతివాద పక్షం ప్రశ్నించింది. అతడు ఎస్-21లో ఉన్నట్లు కాగితం లేదని డుచ్ మొదట ఒప్పుకోలేదు. అతని తల్లి పేరున్న కారాగార పత్రం బయటపడిన తరువాతే అంగీకరించి క్షమాపణ చెప్పాడు. దృశ్యం, పత్రం, సజీవ సాక్షి మూడూ కలిసినప్పుడు గాని ఒక తల్లి నిర్బంధం నిరూపణ కాలేదు. శాసనం, నాణెం, తవ్వకపు పొర ఒకదానినొకటి బలపరచినప్పుడే కాలనిర్ణయం నిలబడుతుందని నమ్మే శాస్త్రానికి ఇది కొత్త పాఠం కాదు.

వాన్ నాత్ 2009 జూన్‌లో సాక్ష్యం చెప్పారు. 2010 జులై 26న డుచ్‌కు 35 ఏళ్ల శిక్ష పడింది. 2012 ఫిబ్రవరి 3న అప్పీలు తీర్పు దానిని యావజ్జీవ ఖైదుగా మార్చింది. ఆ తుది తీర్పు వినడానికి వాన్ నాత్ లేరు. ఆయన 2011 సెప్టెంబరులో కన్నుమూశారు. నువోన్ చియా, ఖియూ సంఫాన్‌లకు 2014లో యావజ్జీవ శిక్ష పడింది. 2018 నవంబరులో వెలువడిన రెండవ తీర్పు వారిని జాతి నిర్మూలన నేరంలోనూ దోషులుగా ప్రకటించింది.

మాట ఇచ్చి తీసిన చిత్రం

2009లో వచ్చిన 'ఎనిమీస్ ఆఫ్ ది పీపుల్' మరో చిక్కును ముందుకు తెచ్చింది. కంబోడియా పాత్రికేయుడు థెత్ సంబాత్ తన కుటుంబాన్ని ఖ్మేర్ రూజ్ పాలనలో కోల్పోయారు. ఆ సంగతి చెప్పకుండా ఏళ్ల తరబడి నువోన్ చియా ఇంటికి వెళ్లి, ఆయన నమ్మకం సంపాదించి, హత్యల నిర్ణయాల గురించి చెప్పించి చిత్రీకరించారు. ఆంగ్ల దర్శకుడు రాబ్ లెమ్కిన్ ఆయనతో కలిసి పనిచేశారు. గ్రామాల్లో స్వయంగా గొంతులు కోసిన రైతులు కూడా అందులో మాట్లాడారు. ఇన్ని ప్రాణాలు తీసిన తాను మళ్లీ మనిషి జన్మ ఎత్తడానికి ఎన్ని జన్మలు పడుతుందోనని వారిలో ఒకడు కుంగిపోతాడు.

ఆ చిత్ర సామగ్రిని న్యాయస్థానం కోరింది. మాట్లాడినవారికి ఇచ్చిన మాటకు విరుద్ధమని దర్శకులు ఇవ్వలేదు. ఇక్కడ తేలికైన జవాబు లేదు. నేరానికి సంబంధించిన సాక్ష్యాన్ని న్యాయస్థానానికి అందించడం బాధితుల పట్ల కర్తవ్యం. మాట తప్పితే మరే దోషీ నోరు విప్పడు; అప్పుడు ఊరూరా జరిగిన హత్యల చరిత్ర దోషులతోనే చితికి చేరుతుంది. న్యాయస్థానం విచారించింది కొద్దిమంది అగ్రనాయకులను, అత్యధిక బాధ్యులను మాత్రమే. ఆ రైతుల వంటి వేలమంది దాని ముందుకు ఎన్నడూ రాలేదు. వారి మాట దొరికేది ఇలాంటి చిత్రాల్లోనే.

ధాతువా, సాక్ష్యమా

చోయుంగ్ ఏక్‌లో 1980లో తవ్వకాలు జరిగాయి. గుర్తించిన 129 గోతుల్లో 86ను తెరిచారు. 1988లో అక్కడ అద్దాల గోడలున్న స్తూపం కట్టి కపాలాలను అందులో ఉంచారు. రాజు నొరొదోమ్ సిహనూక్ వీటిని బౌద్ధ సంప్రదాయం ప్రకారం దహనం చేసి మృతులకు శాంతి కలిగించాలని కోరారు. ఎముకలు నేరానికి సాక్ష్యమని, భద్రపరచాలని ప్రభుత్వం నిర్ణయించింది. వాదనలు రెండూ బౌద్ధుల నోటనే వచ్చాయి.

స్తూపం ధాతుగర్భం, అందులోని శరీరావశేషం ఎవరిదో తెలిసినప్పుడే పూజకు అర్థం. భట్టిప్రోలులో 1892లో అలెగ్జాండర్ రీ వెలికితీసిన రాతిపెట్టెల మీది బ్రాహ్మీ లేఖనాలు బుద్ధ శరీరాన్ని పేర్కొన్నాయి. వాటిని ప్రతిష్ఠించిన గోష్ఠి సభ్యుల పేర్లను కూడా చెప్పాయి. పేరు ధాతువును లోకానికి పరిచయం చేస్తుంది. చోయుంగ్ ఏక్ కపాలాలకు పేర్లు లేవు. తువోల్ స్లెంగ్ ఫొటోల్లో చాలావాటికి ముఖం ఉంది, పేరు లేదు. కొన్ని కాగితాలకు పేరు ఉంది, ముఖం లేదు. విడిపోయిన ఈ మూడింటినీ కలపడం పరిశోధకుల, చిత్రనిర్మాతల ఉమ్మడి పని. అది జరిగిన చోట, ఎముకలను అద్దాల్లో ఉంచాలా, అగ్నికి అర్పించాలా అన్నది బంధువులే నిర్ణయించుకోగలుగుతారు.

ఈ పనిలో ఒక ప్రమాదం కూడా ఉంది. ఖైదీల చిత్రాలు తీసింది హంతకుల కెమెరా. 1997లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం వాటిలో 22 చిత్రాలను ప్రదర్శించినప్పుడు, మనుషుల అంతిమక్షణాలను కళావస్తువులుగా మార్చారన్న విమర్శ వచ్చింది. 2013 నాటి 'ది మిస్సింగ్ పిక్చర్'లో రితీ పాన్ ఈ చిక్కును మరోవిధంగా దాటారు. ఖ్మేర్ రూజ్ తీసిన ప్రచార చిత్రాల్లో ఆకలి లేదు, మరణం లేదు. అవి చూపని జీవితాన్ని ఆయన మట్టిబొమ్మలతో చూపారు. చూపుతున్నవి బొమ్మలేనని దాచలేదు గనుకనే అది కల్పన అన్న నిందకు చోటులేదు.

భద్రపరచవలసినది

2006లో రితీ పాన్ ప్రభృతులు నామ్ పెన్‌లో బొఫానా దృశ్య శ్రవణ కేంద్రాన్ని నెలకొల్పారు. చెదిరిపోయిన కంబోడియా చలనచిత్రాలను, ధ్వనిముద్రణలను సేకరించి, ఎవరైనా వచ్చి ఉచితంగా చూసే ఏర్పాటు చేశారు. యువకులకు చిత్రీకరణ నేర్పుతున్నారు. తువోల్ స్లెంగ్ దస్త్రాలు 2009లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేరాయి. 2025 జులైలో తువోల్ స్లెంగ్, చోయుంగ్ ఏక్, అంతకుముందటి ఎం-13 కారాగార స్థలం ప్రపంచ వారసత్వ స్థలాలుగా గుర్తింపు పొందాయి. అంకోర్ ఉన్న పట్టికలోనే ఇప్పుడు ఆ పాఠశాల కూడా ఉంది.

కాషాయం విప్పించబడిన భిక్షువుల్లో ఈనాటికి మిగిలినవారు వృద్ధులు. ఏ ఆరామంలో ఏమి జరిగిందో, ఏ బావిలో ఏ విగ్రహాన్ని దాచారో, ఎవరు తిరిగి రాలేదో చెప్పగలిగినది వారే. అలాంటి సాక్ష్యాన్ని నమోదు చేసేవారు తేదీ, స్థలం, భాష, అనుమతి, చిత్రీకరించినవారి పేరు చిత్రంతోపాటే భద్రపరచాలి. కత్తిరించిన చిత్రంతో పాటు కత్తిరించని మూలాన్నీ ఉంచాలి. సాక్షి ఏ భాగాన్ని ఎప్పటివరకు బయటపెట్టవద్దన్నాడో రాసి పెట్టాలి. క్షేత్ర దినచర్య లేని తవ్వకం ఎంత నిరుపయోగమో, ఈ వివరాలు లేని డాక్యుమెంటరీ కూడా న్యాయానికి అంతే నిరుపయోగం.

థాయ్ సరిహద్దు శిబిరాల్లో శరణార్థులకు వైరశాంతిని బోధించిన మహా ఘోసానంద 1992 నుంచి ధమ్మయాత్రలు నడిపి, యుద్ధభూముల గుండా ప్రజలను కాలినడకన తీసుకువెళ్లారు. ఆయన నేర్పిన మైత్రికి, వాన్ నాత్ అడిగిన ప్రశ్నలకు మధ్య వైరుధ్యం వెతకనక్కరలేదు. ద్వేషం లేకుండా ప్రశ్నించడం సాధ్యమేనని ఆ చిత్రకారుడు నిరూపించాడు. ఏమి జరిగిందో తెలియని చోట క్షమించడానికీ ఏమీ ఉండదు. ఘోరదోషాన్ని గడ్డితో కప్పరాదని వినయం విధించిన హద్దును పాటించడం కూడా మైత్రిలో భాగమే.